జ్వరం ఉన్నా వస్తాను

సెప్టెంబర్ 18
అమల పోయి తొమ్మిది రోజులు. డెంగీ. తార్నాక ఆసుపత్రిలో చేర్చేసరికే ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. పదిరోజుల్లో, ఇద్దరం కలిసి చదువుతున్న లెక్చరర్ పోస్టుల పరీక్ష.

సెప్టెంబర్ 20, మధ్యాహ్నం
అమల పెట్టె తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న బిక్షపతి గారు క్యాంపస్ హాస్టల్‌కి వచ్చారు. సాయానికి నేనూ వెళ్లాను. జరమొచ్చినట్టు నీకన్న చెప్పిందా బిడ్డా అని అడిగారు. లేదంకుల్ అన్నాను. నీకే చెప్పకుంటే ఇంకెవలికి చెప్తది అని నా తల నిమిరి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 21
అబద్ధం చెప్పాను. అమల చెప్పింది. మూడుసార్లు చెప్పింది.

జూన్ నుంచీ మా పద్ధతి ఒకటే. రోజూ అమల వాట్సాప్‌లో ఒక ఇంగ్లీషు వాక్యం పంపాలి. అందులో అడ్వర్బియల్ క్లాజ్, అంటే కారణమో షరతో సమయమో చెప్పే ముక్క, ఏ రకమో నేను ఒక్క మాటలో చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా వేరే కబుర్లు వద్దు. ఆ రూల్ నాదే. పుస్తకంలోని ఉదాహరణలు దానికి నచ్చవు, తన సంగతులే రాసేది. నాకు పోస్టు వస్తే రేకులు తీసేసి స్లాబ్ వేయిస్తా, అని ఒకరోజు. కండిషన్ అన్నాను.

సెప్టెంబర్ ఐదున, జ్వరం వచ్చింది కాబట్టి మెస్‌కి వెళ్లలేదు, అని పంపింది. రీజన్. ఆరున, జ్వరం ఉన్నా లైబ్రరీకి వస్తాను. కన్సెషన్, అంటే అయినా సరే అనడం. రాలేదు. బద్ధకమనుకున్నాను. ఏడున, మంచం దిగేసరికి కళ్లు తిరిగాయి. టైమ్ అని పెట్టి, పక్కన థమ్సప్ బొమ్మ కూడా పెట్టాను.

నా జవాబులు మూడూ కరెక్టే. నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తోంది.

సెప్టెంబర్ 24
పొద్దున హబ్సిగూడలో దోసెల బండాయన, చట్నీ అయిపోయింది కాబట్టి పొడి వేశానన్నాడు. రీజన్, అని నా వెనక అమల అన్నది. తిరిగి చూశాను. ఎవరో హెల్మెట్ తుడుచుకుంటున్నారు. ప్లేటు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. అమ్మ ఏమైందని అడిగితే కడుపు బాలేదన్నాను.

సెప్టెంబర్ 28
పరీక్ష. ఐదు బిట్లు క్లాజుల మీదే. అన్నీ తెలుసు. ఒక్కటీ పెట్టలేదు.

సెప్టెంబర్ 29
బిక్షపతి గారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన, గా జరం ముచ్చట్లద్దు బిడ్డా, ఇంకేమేం రాసిందో సదువు అన్నారు. ఇంగ్లీషులో చదివి తెలుగు చెప్పాను. స్లాబ్ దగ్గర ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఒక్కపారే అయిపోవద్దు, దినాం ఒకటి సదువు సాలు అన్నారు.

డిసెంబర్ 26
ఇవాళ కూడా ఫోన్ చేశారు. ఒకటి చదివాను. మంచిగ రాసింది అన్నారు. ఇంకెన్నున్నయి బిడ్డా అని అడిగారు. చాలా ఉన్నాయంకుల్ అన్నాను.

నిన్నటితోనే అయిపోయాయి. ఇవాళ్టిది నేను రాశాను.