రాతిపలక మీది పాస్‌వర్డ్

శుక్రవారం, పడుకునే ముందు

వైఫై భద్రత పరీక్షించే పనిలోకి సొంతంగా దిగాక ఇదే మొదటి పిలుపు. చెన్నై కోడంబాక్కంలో పాత డబ్బింగ్ స్టూడియో. ఇంకా విడుదల కాని సినిమా ఒకటి వాళ్ల కంప్యూటర్లలో ఉంది. ఓనర్‌గారు సరేనన్నాక, ఎదురు టీకొట్లో ఆయన పక్కనే కూర్చుని లాప్‌టాప్‌లో పాస్‌వర్డులు ఊహించి చూసే ప్రోగ్రాం నడిపాను. నిమిషంలో పాస్‌వర్డ్ దొరికిపోయింది. అది స్టూడియో తెరిచిన తేదీ. గుమ్మం పక్క రాతిపలక మీద చెక్కి మరీ పెట్టుకున్నారు!

మార్చాలన్నాను.

"అది మంచి ముహూర్తం మా. దానివల్లే ఈడ ఇన్నేండ్లు నిలబడినాం."

నాకు చిర్రెత్తింది. "ముహూర్తం మీ దగ్గరే ఉంటుంది సార్, సినిమానే వీధిలోకి పోతుంది" అనేశాను. అలా అనకుండా ఉండాల్సింది. మొదటి పనే చేజారిందనుకున్నాను. ఆయన టీగ్లాసు కింద పెట్టి గడియారం చూసుకున్నారు.

"పన్నెండు దాకా రాహుకాలం. అది పోనీ, మార్చేస్తాం" అన్నారు.

పన్నెండు దాటగానే స్టూడియోలోకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సాయం చేద్దామని వంగితే, చేత్తో కీబోర్డు కప్పేశారు.

"నువ్వు ఆపక్కకి తిరుక్కో మా."

గోడవైపు తిరిగి నిలబడ్డాను. నన్నొకరు నమ్మనందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.