పళవేర్కాడులో మోకాటి లోతు నీళ్లు

అక్కా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. బావ నీకు చూపిస్తానన్న పళవేర్కాడు సరస్సు ఈరోజు నేను చూసి వచ్చాను. బావ, అమ్మ, నేను పొన్నేరి మీదుగా బస్సుల్లో వెళ్లాం. తీరా రేవుకు చేరాక అమ్మ పడవ ఎక్కనంది.

"నాకు తల తిరగతాది. మీరిద్దురే పోయి రాండి."

మన ఆర్.కె.పేట నుంచి అన్ని బస్సులు మారినా తిరగని తల! పెద్దవాళ్లు బావకు నన్నే ఇవ్వాలనుకుంటున్నారు. ఆ మాట నీకెవరు చెబుతారు, అందుకే రాస్తున్నాను. నేనింకా ఎవరికీ జవాబు చెప్పలేదు.

సరస్సు మధ్యలో పడవ ఇసుకలో దిగబడింది. దిగి కొంతదూరం నడవమన్నాడు పడవాయన. బావ ముందు నడిచాడు. అమ్మ నాకు కట్టించిన నీ నీలం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేను వెనకే నిలబడిపోయాను.

"ఏం సారూ, ఇంటామెను నీళ్లల్లో ఇడిసిపెట్టి యాడికి పోతా ఉండావు? చెయ్యి పట్టుకో సామీ!" అని నవ్వాడు పడవాయన.

బావ కాదనలేదు. వెనక్కి వచ్చి, నా ముఖం చూడకుండా చెయ్యి చాచాడు.

మోకాటి లోతు నీళ్లే అక్కా. ఒక్కదాన్నే నడవగలిగేదాన్ని. అయినా పట్టుకున్నాను.