నాన్న తీసేసిన అడ్డం

మాస్టారికి నమస్కారం.

సోమవారం అప్పగించాల్సిన ప్రాక్టికల్ నమూనా మాడిపోయింది కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మా నాన్న ప్లంబరు. నమూనాలోని అయిదు ఎల్‌ఈడీ బల్బుల ముందు రెసిస్టర్లెందుకని ఆయన అడిగితే, కరెంటు ఎక్కువ పోకుండా అడ్డమని చెప్పాను.

"పిచ్చితల్లీ, అడ్డాలు తియ్యడమేగా నా పని!" అంటూ ఒకటి పీకేసి, బల్బును నేరుగా బ్యాటరీకి కలిపారు. అది ధగధగా వెలిగింది. నాయనమ్మ చప్పట్లు కొట్టేలోపే మాడిపోయింది.

"ఇది నాసిరకం, ఇంకోటి తే" అన్నారు నాన్న. అలా అయిదూ పోయాయి.

ఈ మార్కులు లేకపోతే నేను పరీక్ష తప్పుతాను. దయచేసి వారం గడువివ్వండి. పన్నెండో తేదీలోగా జవాబు రాయండి. పదమూడున నాన్నే వచ్చి మీ ల్యాబులో అడ్డాలన్నీ తీసిపెడతానంటున్నారు.

మీ విద్యార్థిని