ఫుట్‌బోర్డు లేని బండి

చిరంజీవి చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం. కాలి సంగతి పక్కన పెడితే అమ్మ కూడా బాగానే ఉంది, నోటికి మాత్రం విశ్రాంతి లేదు. నువ్వూ బావగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. తీరిక దొరక్క ఆలస్యమైందని రాయబోయి ఆగాను. కళ్ళజోళ్ళ దుకాణంలో ఈ నెలంతా ఈగలు తోలుకుంటున్నాను, తీరికకేం లోటు లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ వాకర్ పట్టుకుని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడుస్తోంది. వ్యాయామం చేయించే అమ్మాయి వారానికి మూడు రోజులు వస్తోంది. అమ్మ ఆమెకు ‘కాళ్ళ టీచరమ్మ’ అని పేరు పెట్టింది. మాత్రలు వేళకు మీ వదినే ఇస్తోంది. నువ్వు పంపిన రబ్బరు పట్టాలు రెండు పార్శిళ్ళూ అందాయి. బాత్రూములో పరవగా మిగిలినవి వంటగదిలోనూ పెరటి మెట్ల మీదా వేశాం. గోడకు బిగించే కడ్డీలు కూడా వచ్చాయి, నేనే బిగించాను. “మీ చెల్లెలు ఇంకో పార్శిలు పంపితే మనం బాత్రూములోనే కాపురం పెట్టేయొచ్చు” అంది మీ వదిన. అమ్మ, నీ మేనకోడలు చిట్టి పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బండి ఏం చేస్తున్నావని కూడా అడిగావు. కొన్న కొత్తలో నువ్వు చూశావు, ఏడుగురు పట్టే బండి. తరువాత నేను దానికి చేయించినవేవీ నువ్వు చూడలేదు. పైన సామాను క్యారియర్ పెట్టించాను. చివరి వరుస సీటు తీయించి ఆ చోట చెక్క డ్రాయర్లు, చిన్న స్టవ్వు, చిన్న ఫ్రిజ్ అమర్పించాను. కిటికీలకు తెరలు కట్టించాను. అమ్మ నడుం వాల్చుకునేలా మధ్య సీటు మార్పించాను. ఇవన్నీ ఇంట్లోవాళ్ళ సుఖం కోసమేనని చెప్పాను, అది నిజమే. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

హైవేల మీద దూరప్రయాణాలు చేసేవాళ్ళ గ్రూపు ఒకటి నా ఫోనులో ఉంది. రోజూ ఎవరో ఒకరు తమ బండి ఫోటో పెడతారు. ఆ బళ్ళన్నీ ఎత్తుగా, ఛాతీ విరుచుకుని నిలబడినట్టు ఉంటాయి. వాటి పక్కన మన బండి నాకు చతికిలబడినట్టు కనిపించేది. స్ప్రింగులు మార్పించి, పెద్ద టైర్లు వేయించి, జానెడు ఎత్తు లేపించాను. తలుపు కింద కాలు మోపి ఎక్కే ఫుట్‌బోర్డు కూడా తీయించేశాను. రాళ్ళకు తగులుతుందని మెకానిక్కుకు చెప్పాను. మనం వెళ్ళేది నున్నటి హైవే మీద, రాళ్ళెక్కడివి? అది లేకపోతే బండి చూడ్డానికి బాగుంటుంది, అంతే.

మెకానిక్ పెద్దాయన. పాత బోల్టులు గుడ్డలో మూట కట్టి నా చేతికిస్తూ, “సార్, ఇంట్లో అమ్మగారున్నారు కదా. ఇంత ఎత్తు ఎలా ఎక్కుతారు?” అన్నాడు.

“నేనున్నాను కదండీ, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను” అన్నాను.

అమ్మ బండిని చూసి, “ఇది కారా, మేడా?” అంది. ఆ రోజు నుంచి దాని పేరు మేడ. ఎక్కడానికీ దిగడానికీ ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుంది. ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు.

చెల్లీ, ఇక అసలు సంగతి రాయాలి. అమ్మ బాత్రూములో పడలేదు.

మేం సముద్రం చూద్దామని బయలుదేరిన మొదటి రోజు, పదకొండింటికి హైవే పక్క హోటల్లో ఆగాం. మీ వదిన, చిట్టి బల్ల చూసుకోవడానికి లోపలికి వెళ్ళారు. నేను బండిని మిగతావాటికి దూరంగా, వెనక కొండ కనిపించేలా నిలిపాను. గ్రూపులో పెట్టడానికి ఫోటో కావాలి. అమ్మ తలుపు తీసి, “చెయ్యివ్వరా, దిగుతాను” అంది.

“ఒక్క నిమిషమమ్మా. తలుపేసుకుని లోపలే ఉండు, ఫోటోలో పడతావు” అన్నాను.

తలుపు వేసుకుంది. నేను ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. వెలుగు సరిగ్గా లేదని పక్కకు జరిగాను. కిటికీలోంచి అమ్మ, “ఒరేయ్, ఆగలేనురా” అంది. విన్నాను. వినపడలేదని రాసుకోవచ్చు, కానీ విన్నాను. స్టూలు వెనక డ్రాయర్ల మీద ఉంది, అది కూడా తెలుసు. ఇంకొక్కటి తీసి వెళ్దామనుకున్నాను. అమ్మ తలుపు తెరిచింది. ఇంతకుముందు ఫుట్‌బోర్డు ఉండే చోట కాలు పెట్టింది.

ఆ ఫోటో నా ఫోనులో ఇప్పటికీ ఉంది. బండి చాలా బాగా వచ్చింది. తెరిచిన తలుపు కింద అమ్మ ఎడమ పాదం గాలిలో ఉంది.

నాకన్నా ముందు అక్కడికి చేరింది ఆ హోటల్లో ఊడ్చే మనిషి, పాతికేళ్ళ అమ్మాయి. చీపురు పారేసి పరుగెత్తుకొచ్చి, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. మీ వదిన బయటికి వచ్చి, “ఎలా పడ్డారత్తయ్యా?” అని అడిగింది. అమ్మ నావైపు చూడకుండా, “బాత్రూములో తడికి జారాను. ఇక్కడిదాకా వచ్చి కూలబడ్డాను” అంది. తుంటి ఎముక విరిగిన మనిషి అంత దూరం నడిచి రాగలదా అని ఆ గాభరాలో ఎవరికీ తోచలేదు.

అమ్మ మాట మేనేజరు కూడా విన్నాడు. మీ వదిన నీళ్ళ కోసం లోపలికి పరుగెత్తగానే ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. “తడి తుడవమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“పెద్దమ్మ లోపలికే రాలేదు సార్. బండి దిగుతూ పడిపోయింది, నేను చూశాను. కావాలంటే ఈ సార్‌ని అడగండి” అంది ఆమె.

మేనేజరు నావైపు తిరిగాడు. ఆమె కూడా చూసింది.

“ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి” అన్నాను. చెల్లీ, నేనన్నది అంతే.

ఆపరేషను అయ్యాక గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు అమ్మతో, నిజం చెప్పేద్దామన్నాను. “ఎందుకురా? నిజం తెలిస్తే నీ చెల్లెలు నిన్ను జన్మంతా సాధిస్తుంది. నన్నైతే సాయంత్రం దాకా తిట్టి మర్చిపోతుంది” అంది. తరువాత కాసేపటికి, “ఫోటోలో పడొద్దన్నావు, కింద పడ్డాను. నీ మాట విన్నట్టే కదా” అని తనే నవ్వింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

కానీ నువ్వు సాయంత్రానికి మర్చిపోలేదు. అమ్మకు ఫోనులో మాట సరిగ్గా వినపడదు కాబట్టి నీ ఉత్తరాలు నేనే పైకి చదువుతాను, నీకు తెలుసు. ‘నీ అజాగ్రత్త వల్ల ఇంటిల్లిపాదీ అవస్థ పడుతున్నారు’ అని రాశావు. ‘చిన్నపిల్లవా, తడి చూసుకుని నడవక్కర్లేదా’ అని రాశావు. నర్సువి, నీ బాధ నీది. ఆ మాటలు నా గొంతుతో అమ్మకు వినిపించాను. మధ్యలో ఆగితే, “చదువు, ఆపావేం?” అనేది. మొత్తం విని, “నిజమే, నాదే పొరపాటని రాయి” అనేది. రాశాను. నాలుగు ఉత్తరాల్లో రాశాను.

ఈసారి వచ్చిన ఉత్తరంలో ఆ హోటలు పేరు అడిగావు. బాత్రూము అలా వదిలేసిన మనిషిని పనిలోంచి తీసేసేదాకా ఊరుకోనన్నావు. అది చదవగానే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

“ఎవర్ని? ఆ ఊడ్చే పిల్లనా? నా తల ఒళ్ళో పెట్టుకుందే, ఆ పిల్లనా?”

మేనేజరు ఆమెను తిట్టిన సంగతి నొప్పిలో అమ్మకు తెలియలేదు. అప్పుడు చెప్పాను. ఆమె నన్ను సాక్ష్యం అడగడం, నేను దాటేయడం, అన్నీ. అమ్మ ముఖం చూడలేకపోయాను.

“నేను అబద్ధమాడింది నీ కోసం. పరాయి పిల్ల మీదికి పోతుందనుకోలేదు. వెళ్ళు. రేపే వెళ్ళు” అంది. తరువాత నాతో ఏమీ మాట్లాడలేదు. మన అమ్మ మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

బండి తీయడానికి చేతులు రాలేదు. బస్సులో వెళ్ళి, టోల్‌గేటు దగ్గర దిగి, ఎండలో నడిచాను. ఆ అమ్మాయి గురించి అడిగితే, “ఆ రోజే మాన్పించేశామండీ” అన్నాడు మేనేజరు. ఆ ‘అండీ’లో నాకేదో సాయం చేసినట్టు ధ్వనించింది. బయటికి వచ్చేశాను. పంక్చర్లు వేసే ఆయనను అడిగితే, వెనక వీధి బడిలో గదులు ఊడుస్తోందని చెప్పాడు.

వరండాలో బెంచీలు తుడుస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. “పెద్దమ్మ నడుస్తోందా?” అని అడిగింది, అన్నిటికన్నా ముందు.

నడుస్తోందన్నాను. తప్పు నాదేనని, బండి వల్ల పడిందని, ఆ రోజు నోరు విప్పకపోవడం చాలా పొరపాటని చెప్పాను. గుడ్డ పిండుకుంటూ చివరిదాకా విన్నది.

“నాకెందుకు చెప్తున్నారు సార్? నాకు తెలుసు కదా. తెలియనివాళ్ళకు చెప్పండి” అంది.

మధ్యాహ్నం బడి వదిలే గంట కోసం ఆగి, నాతో హోటలుకు వచ్చింది. మేనేజరు, గల్లాపెట్టె దగ్గరాయన, వడ్డించేవాళ్ళు, తింటున్నవాళ్ళు, అందరూ ఉన్నారు. ఆమె తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేను మొదలుపెట్టాను. సగంలో ఆగితే, గల్లాపెట్టె ఆయన మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. తాగి, మిగతాది చెప్పాను. “పోనీలెండి, అయిందేదో అయింది” అని మేనేజరు ఆమె వైపు తిరిగి, “రేపట్నుంచి వచ్చెయ్” అన్నాడు.

“రాను” అంది ఆమె. నాతో ఇంకో మాట లేకుండా బడి వైపు వెళ్ళిపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం కూడా లేదు.

ఆ సాయంత్రం మీ వదినకు చెప్పాను. రెండు రోజులు మౌనంగా అన్నం పెట్టింది. మూడో రోజు, “ఆ ఫోటో చూపించు” అంది. చూపించాను. చాలాసేపు చూసి ఫోను బోర్లించి పెట్టి, అమ్మ గదిలోకి వెళ్ళి కూర్చుంది. గ్రూపులోంచి వచ్చేశాను. బండి ఎత్తు దింపమని మెకానిక్కుకు అప్పగించాను. ఆయన కారణం అడగలేదు. అమ్మగారెలా ఉన్నారని మాత్రం అడిగాడు.

నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. నాకు ఎన్నాళ్ళు రాయకపోయినా సర్దుకుంటాను. అమ్మకు మాత్రం వెంటనే రాయి. అజాగ్రత్త అన్నావే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు రాయి. ఈసారి చిట్టి చేత చదివిస్తాను. పైకి నవ్వుతుంది కానీ, చెల్లీ, నీ ఉత్తరం చదివిన రోజు అమ్మ సరిగ్గా తినేది కాదు. అది కూడా నేను నీకు రాయలేదు.

బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీ చేత మాటలు పడవలసిన
అన్నయ్య