రెండో మంగమ్మ

పలాస,
15 సెప్టెంబరు 2008

అమ్మా షాలినీ,

క్షేమ సమాచారాలు తరువాత రాస్తాను. ఫోనులో అయితే నీ గొంతు వినగానే మాట మార్చేస్తానని తెలిసి కాగితం తీసుకున్నాను. చదివాక టెక్కలిలో మీ నాన్నకూ పంపించు. వాడు కూడా తెలుసుకోవాలి.

ఏప్రిల్లో మన చర్చి సంఘం స్త్రీలం ఉద్దానంలో కిడ్నీ రక్తపరీక్షల శిబిరం పెట్టాం కదా. మూడు రోజులు ముగ్గురు మనుషులు పేర్లు రాశారు. ఒక రోజు వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చి రాయించుకున్నారు. మొత్తం నాలుగు వందల పన్నెండు పేర్లు. ఆ జాబితాను సరిచేసే పని నేనే అడిగి తీసుకున్నాను. అప్పుడే నువ్వు హైదరాబాదు నుంచి, జావాస్క్రిప్టులో రాసుకున్న ఆ చిన్న లైబ్రరీ పంపావు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదత్తా, ఎవరి ప్రోగ్రాములోనైనా పెట్టుకోగల పనిముట్టు అని చెప్పావు. పేర్లన్నీ ఇస్తే, ఒకదాన్నొకటి పోలినవి ఒక గుంపుగా పెట్టి చూపిస్తుంది. కలపమంటే కలుపుతుంది. "అది పోలిక చూపిస్తుందంతే. ఒకే మనిషో, ఇద్దరో నువ్వే చూడాలత్తా" అని రెండుసార్లు హెచ్చరించావు. నేను నవ్వాను. పెళ్ళయిన నాటినుంచి మీ మావయ్య జీడిపప్పు బట్టీలో గుండ్లు, బద్దలు, ముక్కలు ఏరుతున్నదాన్ని, నాకు పోలికలు నేర్పుతావా అన్నాను.

ఒక మధ్యాహ్నం మావయ్య ఆఫీసు గదిలో కూర్చున్నాను. గుంపు రావడం, 'కలుపు' అని నొక్కడం, మరో గుంపు. చేతికి అలవాటయ్యాక కళ్ళు చదవడం మానేశాయి. భర్త పేరు, రక్తం ఫలితం స్క్రీనును పక్కకు జరిపితేగాని కనబడవు. నేను జరపలేదు. ఒక గుంపులో ఇద్దరు మంగమ్మలు వచ్చారు. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, వయసులో ఏడాది తేడా. వయసు ఎవరు సరిగ్గా చెబుతారులే అనుకున్నాను. నొక్కితే మొదటి వరుస ఉంటుంది, రెండోది పోతుంది. నొక్కేశాను.

వాళ్ళు అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ నాయనమ్మ పేరే పెట్టారు. ఇద్దరినీ ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ఇచ్చారు. ఇది ఈ పక్కన వింత కాదు. నా చిన్నప్పుడు మన ఇంట్లోనే ఇద్దరు దయమ్మలం ఉండేవాళ్ళం. మొదటి మంగమ్మ రక్తం బాగుంది. రెండో ఆమెది బాగోలేదు.

పెద్దాసుపత్రికి వెళ్ళమని కబురందిన వాళ్ళలో రెండో మంగమ్మ లేదు. ఆమె వచ్చి అడిగితే మనవాళ్ళే జాబితా చూసి, మంగమ్మకు బాగానే ఉందని చెప్పి పంపారట. అది నమ్మి నాలుగు నెలలు జీడితోటలో పనికి పోయింది. ఆగస్టులో వాచిన కాళ్ళతో వచ్చింది.

ఎలా జరిగిందని శిబిరానికి వచ్చిన డాక్టరుగారు సంఘం గదిలో అందరి ముందూ అడిగారు. "మా మేనకోడలి ప్రోగ్రాము కలిపేసిందండి" అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, అడిగిన వెంటనే నోట్లోంచి వచ్చేసింది. సంఘపెద్ద ఫిలిప్పుగారు, "కంపూటరు సేసిన తప్పుకి నువ్వేటి సేత్తావమ్మా, ఊరుకో" అని నన్నే ఓదార్చారు. తరువాత నీకు ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. క్షమించండి అని నువ్వనడం వినబడింది. ఎక్కడ తప్పిందో వెతుకుతాను, ఆ ఫైళ్ళన్నీ పంపండి అన్నావు. వారం తిరక్కుండా, ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా ఇస్తున్న ఆ లైబ్రరీని నువ్వు తీసేశావని మీ నాన్న చెప్పాడు. నేను కూర తరుగుతూ విన్నాను. తరగడం ఆపలేదు.

నీ ప్రోగ్రాము నన్ను అడిగింది. కలపమన్నది నేను. ఆదివారం సంఘంలో చెబుతాను.

నీ ముఖం చూడలేని
మేనత్త దయమ్మ


పలాస,
8 అక్టోబరు 2008

షాలినీ తల్లీ,

నీ నాలుగు వాక్యాల ఉత్తరం అందింది. నేను నొక్కిన ప్రతి నొక్కూ టైముతో సహా ఒక ఫైల్లో ఉందని, అరవై ఒక్క గుంపులు తొమ్మిది నిమిషాల్లో కలిపానని, ఆగస్టులోనే చూశావని రాశావు. "నిన్ను కాపాడదామని ఊరుకోలేదత్తా, నువ్వే చెబుతావేమోనని ఆగాను. నాకు చెప్పావు, ఆమెకు చెప్పు." ఆ మధ్య నువ్వు ఫోను చేసి పండగ బట్టల గురించి, వానల గురించి అడుగుతుంటే నేను తీరిగ్గా జవాబులు చెప్పాను. నువ్వు ఎదురుచూస్తున్నావన్నమాట.

సంఘంలో చెప్పాను. ఫిలిప్పుగారు ప్రార్థన చేసి ముగించేశారు. బయటకు వచ్చేసరికి ఎంత మంచి మనసమ్మా నీదని నా చేతులు పట్టుకున్నారు. ఆ మెప్పు మోయలేక మర్నాడే మంగమ్మ ఊరు వెళ్ళాను. ఆమె తోడికోడలు, ఆ మొదటి మంగమ్మ, నన్ను చూసి లేచి లోపలికి పోయింది. మంగమ్మ అరుగు మీద కూర్చుని అంతా విన్నది.

"సెమించమంటే సెమిత్తాను, దానికేటి" అంది. "పైనెల ఏడో తారీకు ఇశాపట్నం ఎళ్ళాల. నాకు సదువు రాదు. మా ఆయనొత్తే కూలి పోద్ది. నువ్వొత్తావా?"

నిన్న వెళ్ళాం. మందులిచ్చారు. పదిహేను రోజులకోసారి రమ్మన్నారు, నేనే తీసుకువెళతాను. ముందే వచ్చి ఉంటే ఇంత పాడయ్యేది కాదని డాక్టరు నా ఎదుటే ఆమెతో అన్నాడు. నీ లైబ్రరీని మళ్ళీ అందరికీ పెట్టు. దానిలో తప్పులేదని ఎవరు అడిగినా నేను చెబుతాను.

వెళ్ళేటప్పుడు రైల్లో జరిగింది ఒకటి రాయాలి. నౌపడలో ఉప్పుమళ్ళలో పనిచేసే ఆవిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. నా చేతిలో కాగితాలూ, మంగమ్మ కాళ్ళూ చూసింది. "ఈవిడ నీకేటవుద్దమ్మా?" అని మంగమ్మని అడిగింది.

మంగమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు. గొంతులో కోపం కూడా లేదు. "నా పేరు కొట్టేసినావిడ."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు. కంప్యూటరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అవునమ్మా, నేనే. సూడకుండా కొట్టేసినాను" అన్నాను.

కాసేపటికి మంగమ్మ, కాళ్ళు సాపుకోవాల, కాస్త జరగమంది. జరిగాను.

నీ అత్త
దయమ్మ