అన్నయ్య నెమ్మది కారు ఎంచుకున్నాడు

రావులపాలెం, ఆదివారం రాత్రి

మధ్యాహ్నం గేమ్ తెరిచేసరికి ఆడదాం రమ్మని అన్నయ్య నుంచి పిలుపు కనిపించింది. ఇద్దరూ వంతులవారీగా ఒకే కారు నడిపే, గంటల తరబడి సాగే రేసు అది. ఇంట్లో వద్దన్నా నేను పెళ్లి చేసుకున్నాక తను నాతో మాట్లాడనే లేదు. వెంటనే ఒప్పుకున్నాను.

నిడదవోలు ఇంట్లో మా ఇద్దరికీ ఒకటే జాయ్‌స్టిక్ ఉండేది. అన్నయ్య ఎప్పుడూ వేగంగా పోయే కారే తీసుకునేవాడు. అది టైర్లు అరగదీసి, పెట్రోలు తాగేసి, అవి మార్చి నింపే పిట్‌లో మాటిమాటికీ ఆగేది. నెమ్మది కారైతే ఒకసారి తక్కువ ఆగుతాం కదా అని నేను పోరేదాన్ని. వినేవాడు కాదు. ఓడిపోయాక ఇద్దరం కొట్టుకుంటుంటే అమ్మ వచ్చి ప్లగ్గు పీకేసేది. ఎంత బాగుండేవో ఆ రోజులు!

ఈరోజు తనంతట తనే నెమ్మది కారు ఎంచుకున్నాడు. ఆఖరిసారి పిట్‌కి వస్తూ, "టైర్లు కూడా మార్చమంటావా అమ్మడూ?" అని అడిగాడు. అమ్మడూ అని తను పిలిచి ఎన్నాళ్లయిందో!

"వద్దన్నయ్యా, ఆలస్యమవుతుంది, పెట్రోలొకటే కొట్టించు," అన్నాను.

చెప్పినట్టే చేశాడు. అరిగిన టైర్లతో జారుతూ, తడబడుతూ మూడో స్థానంలో వచ్చాం.

రేసు అయ్యాక కూడా అన్నయ్య హెడ్‌ఫోన్ తీయకుండా మాట్లాడాడు.

"అమ్మకి నిన్ను చూడాలనుందంట. వచ్చే ఆదివారం రా."

"ఒక్కదాన్నేనా?"

"అదేంటే, బావగారు లేకుండా ఎలా వస్తావు?"

ఇన్నాళ్లూ మా ఆయన్ని 'వాడు' అన్న నోటితోనే 'బావగారు' అన్నాడు. ఆయనకి ఇంకా చెప్పలేదు. చెప్పబోతే ఏడుపొచ్చేస్తోంది...