నీళ్లు సమమయ్యేదాకా

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు, పిల్లది కులాసా. తమ్ముడింట్లో నువ్వూ, నీ మోకాళ్లూ కులాసా అనుకుంటాను. నూనె ఘాటుగా ఉందన్నావు, కిటికీ తెరిచి రాసుకో.

కాలువ లాకు దగ్గరి మన పాత ఇంటికి, చూడ్డానికొచ్చేవాళ్ల కోసం బోర్డు పెట్టారటగా, అందులో నాన్న గురించి ఏం రాశారని అడిగావు. పోయినసారి దాటేశాను. ఇప్పుడు చెప్తాను, ముందు కూర్చో.

అన్నం తింటూనే వచ్చే పడవ కనబడాలని తాత పెట్టించిన వంటింటి కిటికీ సంగతి అందులో లేదు. నువ్వు నన్ను కన్న గది సంగతీ లేదు. 'లాకు మనిషి నిద్రపోవడం వల్ల ధాన్యం పడవ మునిగింది, ఇంజనీరుగారు ఊరిని కాపాడారు' అని ఉంది. రాయించింది ఆ ఇంజనీరే. బావమరిది పడవ ముందు పోవాలని, ధాన్యం పడవకు తాళ్లు కట్టకముందే, నాన్న వద్దంటున్నా నీళ్లు వదిలే తూము ఎత్తించినవాడు. నాన్నకి నిద్రమొహం అని పేరు పెట్టి, మనల్ని పెరటి తలుపు గుండా గెంటించినవాడు.

వాడి పాపాన వాడే పోతాడులే అనేదానివి. పోలేదమ్మా. మొన్న సోమవారం చుట్టాలతో పడవెక్కి మనిల్లు చూడ్డానికొచ్చాడు.

లాకు నడుపుతున్నది నేనని వాడికి తెలీదు. లాకు రెండు తలుపుల మధ్యకి పడవ రాగానే మామూలుగానే నీళ్లు దించాను. సగం దిగాక తూము మూసేశాను. నీళ్లు సమం కానిదే తలుపు తెరుచుకోదు, నీకు నేను చెప్పాలా! చుట్టూ పాచి గోడలు, పైన గట్టు నిండా జనం.

"ఏమ్మాయ్, నిద్రపోతున్నావా?" అని అరిచాడు.

నా ఒళ్లు మండిపోయింది. "నిద్రమొహం వాడి కూతుర్ని సార్. ఆ రోజు తూము ఎత్తించిందెవరో చెప్పండి, నీళ్లు దింపుతాను" అన్నాను.

వాడు గోడ వైపు తిరిగాడు. పక్కనున్న బావమరిదే చెమటలు కక్కుతూ, "చెప్పేయండి బావా! నా పడవ కోసమేగా ఎత్తించారు!" అనేశాడు. గట్టు మీద ఒక్కసారిగా గోల. అప్పుడు, "అవును, నేనే ఎత్తించాను" అన్నాడు ఇంజనీరు, తల దించుకుని.

తూము ఎత్తాను. ఒక్కటి మాత్రం నీకే చెప్తున్నాను. నీళ్లు సమమయ్యాక కూడా కాసేపు తలుపు తియ్యలేదు. వాడి మొహం చూస్తూ నిలబడ్డాను. తప్పంటావేమో, నాకు మాత్రం కడుపు నిండింది.

సాయంత్రానికి నా ఉద్యోగం ఊడింది. మనింట్లో తాళాలిచ్చి పెరటి వైపు నుంచి వెళ్లమన్నారు. ముందు తలుపు బార్లా తీసి, అందరూ చూస్తుండగా బయటికి వచ్చాను, గోడ మీది బోర్డు పీకి చంకలో పెట్టుకుని. అడ్డొచ్చినవాడు లేడు. మంచి ఎండు చెక్కమ్మా అది. పొద్దున దాంతోనే నీళ్లు కాచుకుని స్నానం చేశాను.

ఇట్లు,
మెలకువగానే ఉన్న నీ పెద్ద కూతురు